తాతల పని: సంకెలా, విద్యా?



మీలో కొందరి ఇళ్ళల్లో అటక మీదనో, పాత ట్రంకు పెట్టెలోనో తాత వాడిన ఆరె, రంపె ఇప్పటికీ ఉండే ఉంటాయి. మా ఇంట్లో ఉన్నాయి. ఆరె పిడి చెమటకు నల్లబడి, వేళ్ళు పట్టిన చోట గుంటపడి ఉంటుంది. మా నాన్న దాన్ని పారెయ్యలేదు, అలాగని బయటికీ తియ్యలేదు. ఆయనకు గుమాస్తా ఉద్యోగం వచ్చిన రోజున ఇంట్లో పండగ చేసుకున్నారట. లంద వాసన ఇక మన పిల్లల ఒంటికి అంటదని మా నాయనమ్మ ఏడ్చిందట.

మొన్న పట్నంలో ఒక చేతిపనుల ప్రదర్శనకు వెళ్ళాను. చేత్తో కుట్టిన తోలు చెప్పులు అద్దాల పెట్టెలో పెట్టి, పక్కన వేలల్లో ధర రాశారు. కింద చీటీ మీద 'మన ప్రాచీన విద్య' అని ఉంది. నాకు నవ్వొచ్చింది, వెనకాలే మంట కూడా వచ్చింది. ఏ పని పేరు చెప్పి మా తాతను ఊరి బయట నిలబెట్టారో ఆ పనికి ఇక్కడ అద్దాల పెట్టె!

అప్పటినుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. మనం వదిలేసింది సంకెలనా, విద్యనా? రెండూ ఒకే పిడిలో ఉంటే ఏం చెయ్యాలి?

ఈ ప్రశ్నను మన వాడలోనే నిలబడి అడిగితే కోపం అడ్డొస్తుంది. ఆ కోపం న్యాయమైనదే. కానీ కోపంలో ఉన్నప్పుడు చూపు సరిగా ఆనదు. అందుకని మిమ్మల్ని కొంచెం దూరం, కులం అనే మాటే తెలియని ఒక నది ఒడ్డుకు తీసుకెళ్తాను. అక్కడ చూసింది పట్టుకుని మళ్ళీ మన ఆరె దగ్గరికి వద్దాం.

అమెరికాలో సౌత్ కరోలైనా అనే రాష్ట్రం ఉంది. అక్కడ రాక్ హిల్ పట్టణం దగ్గర కటాబా నది పారుతుంది. ఆ ఒడ్డున ఉండే ఆదివాసీ జాతి పేరు కూడా కటాబాయే. తమ భాషలో వాళ్ళు తమను నది మనుషులు అని చెప్పుకుంటారు. ఇప్పుడు మూడు వేలమందికి పైగా ఉన్నారు. తెల్లవాళ్ళు రాకముందునుంచీ వాళ్ళ ఆడవాళ్ళు మట్టికుండలు చేస్తున్నారు, ఇప్పటికీ చేస్తున్నారు. మిసిసిపీ నదికి తూర్పున ఉన్న ఆదివాసీ జాతుల్లో చాలామందికి ఈ విద్య మధ్యలో తెగిపోయింది. కటాబాల దగ్గర తెగలేదు.

ముందుగా ఒక మాట. వీళ్ళ గురించి రాయబోతే నాకు తెలుగులో పదం దొరకలేదు. 'కుమ్మరి' అని రాయబోయి ఆగాను. అది మనకు పని పేరు కాదు, కులం పేరు. కుండ చేసే మనిషిని కులం తగిలించకుండా పిలవడానికి మన భాషలో ఒక్క మాట లేదు, గమనించారా? అందుకే వీళ్ళను కుండలు చేసేవాళ్ళు అనే అంటాను. కాస్త పొడుగైనా భరించండి.

వాళ్ళు సారె వాడరు. నది పక్క పల్లపు నేలల్లో రెండు రకాల మట్టి తవ్వుతారు. ఒకటి సన్నగా, జిగటగా ఉంటుంది. దాన్ని పైపు మట్టి అంటారు, పొగాకు గొట్టాలకు పనికొస్తుంది కాబట్టి. రెండోది కాస్త గరుకు, దాని పేరు పాన్ మట్టి. ఒక్క జిగట మట్టితోనే చేస్తే ఆరేటప్పుడు పగులుతుంది. ఒక్క గరుకు మట్టితో చేస్తే చేతిలో నిలవదు. రెండూ నానబెట్టి, రాళ్ళూ వేళ్ళూ పోయేలా వడగట్టి, కలిపి పిసుకుతారు. ఏది ఎంత కలపాలన్నది ఇంట్లో పెద్దావిడ చెయ్యి చెబుతుంది. మట్టిని తాళ్ళలా పేని, అడుగు మీద చుట్టలు చుట్టలుగా పేరుస్తూ, అతుకులు వేళ్ళతో నొక్కుతూ కుండను లేపుతారు. కొన్నాళ్ళు ఆరనిచ్చి కత్తితో గీకుతారు. ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది.

ఆ పనికి కావలసింది గులకరాయి. నదిలో దొరికే నున్నటి రాయిని తడిపి, కుండ ఒళ్ళంతా గంటలకొద్దీ రుద్దుతారు. వాళ్ళు పైన ఏ మెరుగుపూతా పెట్టరు. ఆ మెరుపంతా రాయి రుద్దడం వల్ల వచ్చిందే. అలాంటి రాళ్ళు తల్లి నుంచి కూతురికి, నాయనమ్మ నుంచి మనవరాలికి వస్తాయి. కుండ అమ్ముడుపోతుంది, లేకపోతే పగిలిపోతుంది. ఇంట్లో మిగిలేది రాయి.

ఆఖర్న మంట. మూసిన ఆవం కాదు, ఆరుబయట కట్టెల మంట. ముందు కుండల్ని మెల్లగా వేడిచేసి లోపలి తడి పోగొడతారు. ఇదివరకు పొయ్యి పక్కన పెట్టేవాళ్ళు, ఇప్పుడు కొందరు ఇంట్లో ఓవెన్లో పెడతారు. తర్వాత కట్టెలు పేర్చి కాలుస్తారు. పొగ తగిలిన చోట నలుపు, గాలి ఆడిన చోట ఎరుపు, మధ్యలో గోధుమరంగు, బూడిదరంగు మచ్చలు వస్తాయి. ఏ మచ్చ ఎక్కడ పడుతుందో చేసినావిడ చెప్పలేదు. ఎక్కడో తడి మిగిలిపోతే కుండ మంటలోనే పగులుతుంది, వారాల పని బూడిదలో పెంకులవుతుంది. కుమ్మరి చేసిన ప్రతి పాత్రా చివరికి పగలవలసిందేనని సుత్తనిపాతంలో తథాగతుడు మనిషి బతుకును కుండతో పోలుస్తాడు. మనం దాన్ని చావు ఇంట్లో వింటాం, తల ఊపుతాం. ఈ ఆడవాళ్ళకు అది ఎప్పుడూ చేతిలో ఉండే సంగతి. అయినా మళ్ళీ మట్టి నానబెడతారు. అనిచ్చ తెలిసినవాళ్ళు పని మానేస్తారని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి.

ఇదంతా చదివి, నదీ మట్టీ మనవరాళ్ళూ ఎంత బాగుందో అనుకుంటున్నారేమో. ఆగండి. ఆ మట్టి ఎవరి పొలంలో ఉందో కూడా చూడాలి.

1759లో మశూచి వచ్చి కటాబాల్లో సగం మందిదాకా పోయారు. 1763లో ఆగస్టా ఒప్పందంలో వాళ్ళకు పదిహేను మైళ్ళ పొడవు, పదిహేను మైళ్ళ వెడల్పు నేల ఖాయం చేశారు, అంటే 1,44,000 ఎకరాలు. ఆ నేలలోకి తెల్ల రైతులు కౌలుకని వచ్చి కుదురుకున్నారు. 1840లో నేషన్ ఫోర్డ్ దగ్గర రాష్ట్రం వాళ్ళతో ఇంకో ఒప్పందం రాయించుకుని మొత్తం తీసేసుకుంది. బదులుగా ఇస్తామన్నది సరిగా ఇవ్వలేదు. చివరికి మిగిలింది 630 ఎకరాల ముక్క. దాంతో కుండల మట్టి దొరికే పల్లపు నేలలు పరాయివాళ్ళ పొలాలైపోయాయి. తమ అవ్వలు తవ్విన గుంతలోనే మట్టి తవ్వుకోడానికి పొలం యజమానిని అడగాల్సి వచ్చింది. భూమి లేనివాళ్ళ పిల్లలం మనం, ఈ సంగతి మనకు విడమరిచి చెప్పక్కర్లేదు.

1959లో అమెరికా ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది. కటాబా జాతితో ప్రభుత్వానికి ఉన్న సంబంధమే రద్దు చేస్తూ చట్టం చేసింది. 1962 నుంచి ప్రభుత్వ లెక్కల్లో ఆ జాతి లేదు. మళ్ళీ గుర్తింపు రావడానికి 1993 దాకా పట్టింది. భూమి దావా కూడా అప్పుడే 5 కోట్ల డాలర్లకు తేలింది. ఆ మధ్య ముప్పై ఏళ్ళూ, నువ్వు కటాబా అని ఏ కాగితమూ చెప్పని కాలంలో, ఇంటి వెనక మంట పెట్టి కుండలు కాల్చిన ముసలివాళ్ళు ఉన్నారు.

ఇక అమ్మకం సంగతి. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో కటాబా ఆడవాళ్ళు కుటుంబాలతో కలిసి సముద్రం వైపు చార్లెస్టన్ దాకా నడిచేవాళ్ళు. దారిలో తోటల పక్కన మకాం వేసి, అక్కడ దొరికిన మట్టితోనే కుండలు చేసి అమ్ముకునేవాళ్ళు. ఆదివాసీల కుండలో వండకపోతే బెండకాయ సూప్‌కు రుచి రాదని ఆ ఊరి పెద్దిళ్ళల్లో ఒక నమ్మకం ఉండేదని అప్పటి రచయిత ఒకాయన రాశాడు. (బెండకాయ ఆ దేశానికి వచ్చింది ఆఫ్రికానుంచి. వండింది బానిస స్త్రీలు, కుండ చేసింది కటాబా స్త్రీ. రుచి మాత్రం దొరగారిది.) తర్వాతి కాలంలో రాక్ హిల్ వీధుల్లో కుండకు బదులు పాత బట్టలో, తిండి గింజలో తీసుకున్న రోజులూ ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఉత్తర కరోలైనాలోని చెరోకీ ప్రాంతానికి సందర్శకులు రావడం పెరిగింది. అక్కడి దుకాణదార్లు డజన్ల లెక్కన కొని, తక్కువ ధర కట్టేవాళ్ళు. కొన్నవాళ్ళకు చేసినావిడ పేరు తెలియదు. పాత కుండల మీద సంతకమే లేదు.

అంటే ఇదీ ఆకలి పనే. మట్టి మీద మమకారంతో మాత్రమే చెయ్యలేదు, మిగతా దారులు మూసేశారు కాబట్టి కూడా చేశారు. మరి మా తాత చెప్పులు కుట్టడానికీ దీనికీ తేడా ఎక్కడుంది?

నాకు కనిపించిన తేడా చెబుతాను. ఒప్పుకోకపోతే వాదించండి, మన ధమ్మంలో అది తప్పు కాదు.

కటాబాలకు అన్యాయం చేసినవాళ్ళు భూమి లాక్కున్నారు, ధర తగ్గించారు, జాతినే కాగితం మీంచి కొట్టేశారు. ఇవన్నీ పెద్ద నేరాలే. కానీ నువ్వు కుండలు చేసే కడుపున పుట్టావు కాబట్టి కుండలే చెయ్యి, ఇంకోటి చేస్తే పాపం, నీ చెయ్యి తగిలితే మైల అని ఏ గ్రంథమూ వాళ్ళతో చెప్పలేదు. వాళ్ళ లోపల కుండలు చేసే కుటుంబాలని, చెయ్యని కుటుంబాలని మెట్లు లేవు. ఆడవాళ్ళ చేతుల్లో ఎక్కువగా నడిచిన విద్యే అయినా మగవాళ్ళు మట్టి తవ్వారు, మోశారు, కట్టెలు కొట్టారు. ఎర్ల్ రాబిన్స్ లాంటి మగవాళ్ళు స్వయంగా కుండలు చేసి పేరు తెచ్చుకున్నారు. రాక్ హిల్ చుట్టుపక్కల బట్టల మిల్లుల్లో కూలి దొరకడం మొదలయ్యాక చాలామంది మట్టి వదిలి మిల్లుకు పోయారు. జాతి వాళ్ళను వెలివెయ్యలేదు.

కులం పనిని పంచదు, పనివాళ్ళనే విడదీసి ఒకరి మీద ఒకరిని పేరుస్తుందని, మనిషి ఇష్టానికీ శక్తికీ అందులో చోటు లేదని 1936లో 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ వాదించారు. ఆ వాదనను కటాబా ఆడవాళ్ళ చేతుల పక్కన పెట్టి చూస్తే నాకు మొదటిసారి ఒకటి స్పష్టమైంది. మనకు శత్రువు తోలు కాదు, మట్టి కాదు, డప్పూ కాదు. 'దించకూడదు' అన్న శాసనం శత్రువు. వాసెట్ఠ సుత్తంలో తథాగతుడు ఇద్దరు బ్రాహ్మణ యువకులకు చెప్పింది ఇదే కదా: రైతైనా, చేతిపనివాడైనా, వర్తకుడైనా చేస్తున్న పనిని బట్టే అవుతాడు, పుట్టుకతో కాదు. ఆ మాటకు ఇంకో వైపు కూడా ఉంది. పని మానేసిన రోజున ఆ పేరు కూడా పోవాలి. మన దగ్గర అది పోదు. మూడు తరాలుగా ఎవరూ ఆరె పట్టని మా ఇంటిని ఊళ్ళో ఇప్పటికీ ఏమని పిలుస్తారో మీకు తెలుసు.

ఇక్కడ మజ్ఝిమ నికాయంలోని ఘటికారుడిని తలుచుకోకుండా ఉండలేను. కస్సప బుద్ధుడి కాలంవాడు, పుట్టుకతో కుమ్మరి, గుడ్డివాళ్ళైన తల్లిదండ్రుల్ని పోషిస్తుండేవాడు. నేల తవ్వేవాడు కాదు. గట్టు విరిగి పడిన మట్టి, ఎలుకలు తోడిన మట్టి తెచ్చి కుండలు చేసేవాడు. చేసినవి బయట పెట్టి, బియ్యమో పప్పో మీకు తోచింది ఉంచి కావలసింది తీసుకోండి అనేవాడు. అతని స్నేహితుడు జోతిపాలుడు బ్రాహ్మణ యువకుడు. బుద్ధుణ్ణి చూద్దాం రమ్మంటే ఎగతాళి చేసి రాలేదు. ఘటికారుడు చివరికి, తలంటుకుని ఉన్న అతని జుట్టు పట్టుకుని లాగాడు! తక్కువ పుట్టుకవాడు నా జుట్టు పట్టుకున్నాడంటే ఇది చిన్న సంగతి కాదు అనుకుని, అప్పుడు కదిలాడు జోతిపాలుడు. కాశీ రాజు అయిదువందల బండ్ల బియ్యం పంపితే, రాజుగారికి చాలా ఖర్చులుంటాయి, ఆయనకే ఉండనివ్వండి అని తిప్పి పంపాడు ఈ కుమ్మరి. ఆ కథలో అతను కుండలు మానెయ్యలేదు. కానీ ఆ కుండలు అతని తలను వంచనూ లేదు. మన పెద్దలు ఈ కథలో జుట్టు పట్టుకున్న ముక్క చెప్పి నవ్వుకుంటారు. నాకు మాత్రం తిప్పి పంపిన బండ్లే ఎక్కువ నచ్చుతాయి.

కటాబాలను దేవతల్ని చెయ్యడం నా ఉద్దేశం కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో తోటల నుంచి పారిపోయిన నల్లజాతి బానిసల్ని పట్టి దొరలకు అప్పగించే పనికి కటాబా మగవాళ్ళను వాడుకున్నారు, వాళ్ళూ చేశారు. తొక్కబడినవాడికి ఇంకొకణ్ణి తొక్కే చిన్న అవకాశం ఇచ్చి నిలబెట్టడం ఎలాగో మనకు బాగా తెలుసు. మెట్లు మెట్లుగా ఉన్న అసమానత అని బాబాసాహెబ్ చెప్పింది ఆ దేశంలోనూ వేరే రూపంలో పనిచేసింది. అదే కాలంలో హాగ్లర్ అనే వాళ్ళ నాయకుడు, మా పిల్లలకు సారా అమ్మకండి, వాళ్ళు పాడైపోతున్నారు అని 1750లలో తెల్ల అధికారుల ముందు నిలబడి అడిగాడు. కటాబాలు కుండల చెవుల దగ్గర పెట్టే మనిషి తలల్లో అతని తలను తలుచుకునేవీ ఉన్నాయి. అయిదో శీలం తీసుకున్నవాళ్ళం, ఆ కుండకు మనం కూడా ఒక నమస్కారం పెట్టొచ్చు.

ఇంకొక సంగతి మతం మార్చుకున్న మనలాంటి వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. 1880లలో మార్మన్ చర్చి ప్రచారకులు వస్తే కటాబాల్లో ఎక్కువమంది ఆ మతంలో చేరారు. మతం మారినా కుండ మీద పాకే పాము బొమ్మ మారలేదు, పాత రూపాలు పోలేదు. 'పాతదంతా పారేస్తేనే కొత్తవాళ్ళమవుతాం' అని మనలో కొందరు అంటారు. 'మన సంస్కృతి' అంటూ పాతదంతా మళ్ళీ నెత్తికెత్తుకోమని ఇంకొందరు అంటారు. మొదటివాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. పాతదాంట్లో దేవుళ్ళూ మొక్కులూ మైలా అన్నీ పెనవేసుకుని వచ్చాయి, దారం లాగితే అన్నీ ఊడొస్తాయి. రెండోవాళ్ళతో మాత్రం నాకు పేచీ ఉంది. సంస్కృతి అనే మాట ఈమధ్య అద్దాల పెట్టె అమ్మేవాళ్ళ నోట్లోనే ఎక్కువ వినిపిస్తోంది.

జార్జియా హారిస్ అని ఒకావిడ ఉండేది. 1905లో పుట్టింది, ఇంటి పెద్ద ఆడవాళ్ళ దగ్గర చిన్నప్పుడే నేర్చుకుంది. సందర్శకుల కోసం చిన్నచిన్న బొమ్మకుండలు గబగబా చేసి పారేసే రోజుల్లో, పెద్ద కుండలు, పాత రూపాలు, పాత పద్ధతి పట్టుకుని నిలబడిన మనిషిగా ఆమెకు పేరు. 1970లకు వచ్చేసరికి జాతిలో కుండలు చేసేవాళ్ళు కొద్దిమందే మిగిలారు, వాళ్ళూ ముసలివాళ్ళు. అప్పుడు పెద్దవాళ్ళు కూర్చుని చిన్నవాళ్ళకు తరగతులు పెట్టి నేర్పారు. ఆ నేర్చుకున్నవాళ్ళలో జీతాల ఉద్యోగాలున్నవాళ్ళు ఉన్నారు, కుండ అమ్ముడుపోకపోతే పస్తుండాల్సిన అవసరం లేనివాళ్ళు. హారిస్‌కు 1997లో అమెరికా జాతీయ వారసత్వ పురస్కారం ప్రకటించారు. అప్పటికి ఆమె లేదు.

నేను ఆ తరగతి దగ్గరే ఆగి ఆలోచిస్తుంటాను. ఆకలి తరిమితే చేసిన పనిని, ఆకలి తీరాక తిరిగి చేతిలోకి తీసుకున్నారు. ముందు దించగలిగారు కాబట్టి, తర్వాత ఎత్తుకోగలిగారు. మన తాతలకు దించే హక్కు లేదు. చచ్చిన గొడ్డును ఎత్తడం మానమని, ఆ బతుకు వదలమని 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ చెప్పింది అందుకే. అది తోలు మీద ద్వేషం కాదు. దించగలమని ముందు లోకానికి చూపించాలి, మనకు మనం చూపించుకోవాలి. మా నాన్న తరం చేసింది అదే. ఆరెను పెట్టెలో పెట్టి తాళం వేసిన ఆ చెయ్యిని నేను ఎన్నడూ తప్పుపట్టను.

కానీ ఆ చెయ్యి దాన్ని పారెయ్యలేదు కదా. అది కూడా నేను మర్చిపోకూడదు.

ఈ వ్యాసం రాస్తున్న రోజుల్లో ఒక ఆదివారం వందన అయ్యాక పెట్టె తెరిచి ఆరె బయటికి తీశాను. మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది, ఎన్నడూ చూడలేదు దాన్ని. 'ఇదేంటి నాన్నా?' అంది. చెప్పాను. మీ ముత్తాత దీంతో ఏం చేసేవాడో, ఎవరి కోసం చేసేవాడో, చేసినవాటిని దూరం నుంచి ఎలా విసిరి తీసుకునేవాళ్ళో, మోట బావికి తోలు బాన ఒక్క చుక్క కారకుండా కుట్టగలవాడని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎలా కబురొచ్చేదో, అన్నీ చెప్పాను. తను దాన్ని చేతిలోకి తీసుకుంది. పిడి మీద గుంటలో తన బొటనవేలు పెట్టి చూసింది, సరిపోయింది. 'బరువుగానే ఉందే' అని, కాసేపు అటూ ఇటూ తిప్పి, బల్ల మీద పెట్టేసి పరీక్షకు చదువుకోడానికి లోపలికి వెళ్ళింది.

పెట్టెకు ఈసారి తాళం వెయ్యలేదు. ఆరె బల్ల మీదే ఉంది.